మోటారు ఎవరి చేతిలో ఉంది?

(బాలికల విద్యా కేంద్రాల్లో పనిచేసే కార్యకర్తల శిక్షణా తరగతిలో ఇచ్చిన ఉపన్యాసం పాఠం)



ఈ తరగతుల్లో బాల్యవివాహాల గురించి, బడి మానేసిన ఆడపిల్లల గురించి, ఇళ్ళల్లో జరిగే హింస గురించి మాట్లాడుకున్నాం. వాటి మధ్య ఆటబొమ్మల గురించి ఒక గంట కేటాయించడం అవసరమా అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. కడుపునిండా తిండి లేని పిల్లల మధ్య పనిచేసే మనకు బొమ్మల చర్చ డబ్బున్న వాళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఈ విషయం ఇప్పుడు మన గుమ్మంలోకే వచ్చింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో, దాతల డబ్బుతో, ప్రభుత్వ పథకాలతో మన కేంద్రాలకూ, బడులకూ ‘స్టెమ్ కిట్లు’ అనే పేరుతో మోటారుతో నడిచే నిర్మాణ బొమ్మలు వస్తున్నాయి. ఏది కొనాలి, ఏది వద్దనాలి అని మనల్నే అడుగుతున్నారు. పెట్టె మీద ఆడపిల్ల బొమ్మ ఉంటే అది ఆడపిల్లలకు మంచిది అనుకుని సంతకం పెట్టేస్తున్నాం. పెట్టె తెరిచి లోపలి ముక్కల్ని పోల్చి చూడాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం.

ముందు మన వంటింట్లోకి ఒకసారి చూద్దాం. మిక్సీలో మోటారు ఉంది. గ్రైండరులో మోటారు ఉంది. కొన్ని ఇళ్ళలో కుట్టుమిషనుకు కూడా మోటారు ఉంది. వీటన్నిటినీ రోజూ నడిపేది స్త్రీలే. కానీ మిక్సీ ఆగిపోతే ఏమవుతుంది? భర్త వచ్చేదాకానో, కొడుకు వచ్చేదాకానో, బజారులో మెకానిక్కు దగ్గరికి పంపేదాకానో అది అలా మూల పడి ఉంటుంది. యంత్రాన్ని నడిపే పని ఆమెది, విప్పే హక్కు అతనిది. దీన్ని మనం సహజం అనుకుంటున్నాం. ఇది సహజం కాదు, నేర్పించింది. ఎప్పటి నుంచి నేర్పించారంటే, ఆటబొమ్మల దగ్గర నుంచే.

దీనికి కొంత చరిత్ర ఉంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే గుమాస్తా తన కొడుకుల కోసం చిల్లులున్న రేకు పట్టీలు, నట్లు, బోల్టులు, చక్రాలతో ఒక బొమ్మల సెట్టు తయారుచేసి 1901లో పేటెంటు తీసుకున్నాడు. 1907 నుంచి అది ‘మెకానో’ పేరుతో ప్రపంచమంతా అమ్ముడైంది. చిల్లుకూ చిల్లుకూ మధ్య అర అంగుళం దూరం. ఏ ముక్క ఏ ముక్కకైనా అతుకుతుంది. క్రేన్లు, వంతెనలు, రైలింజన్లు కట్టవచ్చు. అమెరికాలో ఎ.సి. గిల్బర్ట్ 1913లో ‘ఎరెక్టర్’ సెట్టును తెచ్చాడు. ఆ సెట్లకు విద్యుత్ మోటారు కూడా జతపడింది. గిల్బర్ట్ ప్రకటనలు ‘హలో బాయ్స్’ అంటూ మగపిల్లల్నే పలకరించేవి. ఆడపిల్లలు ఆ బొమ్మలు ముట్టకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు. వాళ్ళను పలకరించకపోవడమే చాలింది.

డెన్మార్కు కంపెనీ లెగో కథ కొంత వేరు. 1970లలో ఆ కంపెనీ ఏం కట్టాలన్నది పిల్లల ఇష్టమే, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా కల్పనాశక్తి సమానమే అని తల్లిదండ్రులకు చెప్పింది. అదే కంపెనీ 1977లో గేర్లు, ఇరుసులతో పనిచేసే టెక్నిక్ వరుసను మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాలలో ఈ రెండూ ఒకదానికొకటి దూరమయ్యాయి. 2012లో ఆడపిల్లల కోసమంటూ ‘లెగో ఫ్రెండ్స్’ వరుస వచ్చింది. గులాబీ, ఊదా రంగులు, బ్యూటీ పార్లరు, కాఫీ హోటలు. ఆ వరుసలోని బొమ్మ మనిషిని పరిశీలించి చూడండి. లెగో మామూలు బొమ్మ మనిషికి మణికట్టు తిరుగుతుంది, రెండు కాళ్ళూ విడివిడిగా కదులుతాయి. ఫ్రెండ్స్ బొమ్మ అమ్మాయికి మణికట్టు తిరగదు, రెండు కాళ్ళూ కలిసే కదులుతాయి. అంటే ఆమె కూర్చోగలదు, నిలబడగలదు, అడుగు వెయ్యలేదు. ఇలా తయారుచేసిన వాళ్ళకు దురుద్దేశం ఉందని నేననడం లేదు. అందంగా, సన్నగా ఉండాలనుకున్నారు. అందం కోసం కదలికను వదులుకోవడం ఆడపిల్లల విషయంలో ఎంత సులభంగా జరిగిపోతుందో ఆ ముక్క మనకు చూపిస్తుంది.

ఈ వరుస రాగానే అమెరికాలో ఆడపిల్లలే వేల సంతకాలతో నిరసన తెలిపారు. 2014లో ఎలెన్ కోయిజ్‌మన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ప్రతిపాదించిన స్త్రీ శాస్త్రవేత్తల సెట్టును కంపెనీ విడుదల చేసింది. 2021 అక్టోబరు 11న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం నాడు, తన బొమ్మల్లో లింగ వివక్షను తొలగిస్తానని ప్రకటించింది. ఆ సందర్భంగా ఏడు దేశాలలో జరిపించిన సర్వే ఫలితాలు బయటపెట్టారు. లెగో ఆటలను కొడుకులకు ప్రోత్సహిస్తామన్న తల్లిదండ్రులు 76 శాతం, కూతుళ్ళకు ప్రోత్సహిస్తామన్న వాళ్ళు 24 శాతం. ‘అవతలి వాళ్ళ బొమ్మ’తో ఆడితే నవ్వుతారేమో అని భయపడిన మగపిల్లలు 71 శాతం, ఆడపిల్లలు 42 శాతం. ఆ ఏడు దేశాలలో మన దేశం లేదు. అయినా మన ఇళ్ళలో లెక్క ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. మోటారున్న సెట్లు రకరకాలుగా వస్తున్నాయి. నాలుగు రకాలను తీసుకుంటాను.

మొదటి రకం, పెద్ద ఎర్త్‌మూవర్లు, ట్రక్కుల బొమ్మలు. ఉదాహరణకు 2019లో లెగో టెక్నిక్ వరుసలో వచ్చిన లీబ్‌హెర్ ఆర్ 9800 ఎక్స్‌కవేటరు. మొత్తం 4,108 ముక్కలు, ఏడు మోటార్లు, వాటికి కరెంటూ ఆజ్ఞలూ పంపే రెండు హబ్‌లు. అమెరికాలో అప్పట్లో దాని ధర 450 డాలర్లు ఉండేది. మన దేశం ఆటబొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచింది కాబట్టి ఇలాంటివి మనకు మరీ అందని వస్తువులయ్యాయి. ఇందులో నేర్చుకోవడానికి చాలా ఉంది. మోటారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే గేర్ల వరుసలున్నాయి. అయితే పిల్లలు చేసే పని ప్రధానంగా పుస్తకంలో చూపిన మెట్లను ఒకదాని తర్వాత ఒకటి అనుసరించడం. ఎక్కువ ముక్కలు ఉన్నంత మాత్రాన ఎక్కువ స్వేచ్ఛ ఉందని అర్థం కాదు.

రెండవ రకం, ఆడపిల్లల కోసమే అని చెప్పి తయారుచేసినవి. అమెరికాలో ఇంజనీరింగు చదివిన ఇద్దరు యువతులు, ఆలిస్ బ్రూక్స్, బెట్టినా చెన్, 2012లో ‘రూమినేట్’ అనే సెట్టు తెచ్చారు. అది పిల్లలు తామే కట్టుకునే బొమ్మరిల్లు. గోడలు, కుర్చీలతో పాటు ఒక చిన్న మోటారు, బ్యాటరీ, స్విచ్చి, తీగలు ఉంటాయి. వాటిని కలిపి ఇంట్లో ఫ్యాను తిప్పవచ్చు. అదే సంవత్సరం డెబ్బీ స్టెర్లింగ్ అనే ఇంజనీరు ‘గోల్డీబ్లాక్స్’ కోసం ప్రజల నుంచి చందాలు సేకరించింది. దాని మొదటి సెట్టులో మోటారు లేదు. చేత్తో తిప్పే పిడి, చక్రాలు, బెల్టులా పనిచేసే రిబ్బను, వాటితో పాటు ఒక కథ ఉన్నాయి. ఈ స్త్రీల ప్రయత్నాన్ని తక్కువ చెయ్యకూడదు. రూమినేట్‌తో ఆడే పిల్ల తీగను తన చేత్తో కలుపుతుంది. స్విచ్చి వేస్తే ఎందుకు తిరిగిందో, తీగ ఊడితే ఎందుకు ఆగిందో తెలుసుకుంటుంది. చాలా ఖరీదైన సెట్లలో మోటారు డబ్బాలో మూసి ఉంటుంది, తీగ చివర ఒక ప్లగ్గు మాత్రమే కనిపిస్తుంది. ఆ విధంగా బొమ్మరిల్లే ఎక్కువ నేర్పుతుంది.

కానీ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మగపిల్లవాడి మోటారు కొండను తవ్వుతుంటే ఆడపిల్ల మోటారు ఇంట్లో ఫ్యానునే ఎందుకు తిప్పాలి? ఫ్యాను తిప్పడానికి మోటారు ఇరుసుకు రెక్కలు తగిలిస్తే సరిపోతుంది. బరువు ఎత్తాలన్నా, బండి గట్టు ఎక్కాలన్నా గేర్లు కావాలి, ఇరుసులు కావాలి, బలాన్ని లెక్క వెయ్యాలి. అంటే పెట్టె మీద ఏ నమూనా చూపించారన్నది ఏ జ్ఞానం అందుతుందన్నదాన్ని నిర్ణయిస్తుంది. ఇంటి చుట్టూ గీసిన గీతను చెరపకుండానే ఆడపిల్లలను సైన్సులోకి ఆహ్వానించడం ఒక రాజీ. కొన్ని సందర్భాలలో రాజీ అవసరమే కావచ్చు, కానీ అది రాజీ అని మనకు తెలిసి ఉండాలి.

మూడవ రకం, తరగతి గదుల కోసం తయారైనవి. లెగో వాళ్ళ ‘స్పైక్ ప్రైమ్’ ఇలాంటిది. 500కు పైగా ముక్కలు, ఒక పెద్ద మోటారు, రెండు మధ్యరకం మోటార్లు, రంగును, దూరాన్ని, ఒత్తిడిని గుర్తించే సెన్సార్లు. రంగుల్లో ఆడా మగా తేడా లేదు. ఒకే ముక్కలతో అనేక నమూనాలు కట్టవచ్చు. కానీ కంప్యూటరో టాబ్లెట్టో లేకపోతే దానితో నేర్చుకోవాల్సిన ప్రోగ్రామింగు మొదలే కాదు.

నాలుగవ రకం, మెకానో పద్ధతిలో మన దేశంలోనే తయారయ్యే నట్లు, బోల్టుల సెట్లు. వీటిలో చిన్న బ్యాటరీ మోటారు ఉన్నవీ దొరుకుతాయి. ధర తక్కువ. పానా, స్క్రూడ్రైవరు పట్టుకోవడం అలవాటవుతుంది. ఇది చిన్న విషయం కాదు. మన పిల్లల్లో ఎంతమంది ఆడపిల్లలు పదేళ్ళు నిండేలోగా పానా పట్టుకున్నారో మీ కేంద్రాలలో ఒకసారి అడిగి చూడండి.

ఈ పోలికలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన విషయం ఫోను. లెగో పాత మోటారు సెట్లకు బ్యాటరీ డబ్బా మీదే మీట ఉండేది, కొన్నింటికి చేతిలో పట్టుకునే రిమోటు ఉండేది. 2019 నుంచి వచ్చిన అనేక పెద్ద టెక్నిక్ సెట్లు, ఇందాక చెప్పిన ఎక్స్‌కవేటరుతో సహా, స్మార్ట్‌ఫోనులోని యాప్‌తోనే నడుస్తాయి. ఫోను లేకపోతే ఏడు మోటార్లూ కదలవు. మన సమాజంలో ఫోను ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం మాత్రమే. ఇందులో మామూలు ఫోన్లూ ఉన్నాయి. ఆడపిల్ల చేతిలో ఫోను కనిపిస్తే అనుమానించే ఇళ్ళు మనకు తెలుసు. అలాంటి ఇంట్లో ఆమె వారం రోజులు కూర్చుని బొమ్మ కట్టినా, దాన్ని నడిపేది ఫోను ఉన్న అన్నయ్యే. కట్టేది ఆమె, నడిపేది అతను. సాంకేతికత కొత్తదైనంత మాత్రాన పాత పెత్తనం పోదు, కొత్త దారిలో తిరిగి వస్తుంది.

బొమ్మలు కొనే చేతుల గురించే కాక, తయారుచేసే చేతుల గురించి కూడా మనం మాట్లాడుకోవాలి. 1993 మే 10న థాయిలాండులో బ్యాంకాక్ దగ్గర కేడర్ ఆటబొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 188 మంది చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు యువతులు. అదే సంవత్సరం నవంబరు 19న చైనాలోని షెన్‌జెన్‌లో మరో బొమ్మల ఫ్యాక్టరీ మంటల్లో 87 మంది కార్మికులు మరణించారు. బయటికి వెళ్ళే తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా, చురుగ్గా ఉంటాయి, చిన్న ముక్కలు అతికించడానికి వాళ్ళే సరైనవాళ్ళు అని యజమానులు చెబుతారు. ఆ వేళ్ళే ఆటలో బోల్టు బిగించడానికి మాత్రం పనికిరావని సమాజం చెబుతుంది. తక్కువ కూలికి చేసే పని అయితే స్త్రీ నైపుణ్యం, జ్ఞానమూ జీతమూ తెచ్చే పని అయితే పురుషుడి ప్రతిభ. ఈ రెండు నాల్కల మాటను మనం గుర్తుపట్టాలి.

దీని ఫలితం పెద్దయ్యాక కనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాలలో ఇంజనీరింగు చదివే అమ్మాయిలకు కొదవ లేదు. కంప్యూటర్ సైన్సు తరగతిలో బెంచీలు నిండుతాయి. మెకానికల్ తరగతిలో వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఐ.టి.ఐ.లో ఆడపిల్ల చేరితే కుట్టుపని వైపు చూపిస్తారు గానీ ఫిట్టరు ట్రేడు వైపు చూపించరు. దీన్ని ఆడపిల్లల ఇష్టం అంటారు. మన దేశపు తొలి స్త్రీ ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగు కుటుంబంలో పుట్టారు. 18 ఏళ్ళకే భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో ఉన్న ఆమె గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1943లో పట్టా తీసుకున్నారు. తర్వాత భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పరికరాల మీద పనిచేశారు. ఆమె పట్టుదల గొప్పది. దానితో పాటు, ఆమె తండ్రి అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు అన్న విషయాన్ని కూడా మనం గమనించాలి. ఆమెకు తలుపు ఇంట్లోనే తెరుచుకుంది. అటువంటి తండ్రి లేని లక్షల మంది ఆడపిల్లలకు ఆ తలుపు తెరవాల్సింది బడి, మన కేంద్రాలు.

తెరవడానికి ప్రభుత్వం డబ్బు కూడా ఉంది. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సహాయం ఇస్తారు. 6 నుంచి 12వ తరగతి వరకు పిల్లలు వాడుకునేలా ప్రయోగశాల పెడతారు. 2025 బడ్జెట్‌లో, ఐదేళ్ళలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ప్రయోగశాలలు పెడతామని ప్రకటించారు. కానీ గదిలోకి వెళ్ళాక ఏం జరుగుతోంది? పరిశోధన కోసం నేను వెళ్ళిన బడులలో తరచుగా కనిపించిన దృశ్యం ఇది: అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసిన బృందంలో మోటారు, బ్యాటరీ అబ్బాయి దగ్గర ఉంటాయి. అమ్మాయి చార్టు రాస్తుంది, రంగులు వేస్తుంది, అతిథులు వస్తే చక్కగా వివరిస్తుంది. పని అయ్యాక ముక్కలు ఏరి డబ్బాలో సర్దేది కూడా ఆమే. టీచరుకు వివక్ష చూపాలన్న ఉద్దేశం లేదు. ఎవరికి ఏది వచ్చో అది చెయ్యమన్నారు, అంతే. అసమానత కొనసాగడానికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మరి మనం ఏం చెయ్యాలి? సెట్టు కొనే ముందు ఐదు ప్రశ్నలు అడగమని నా సూచన.

ఒకటి, మోటారు విడిగా చేతికి వస్తుందా, తీగను పిల్ల తనే కలుపుతుందా? రెండు, వేర్వేరు పళ్ళ సంఖ్య ఉన్న గేర్లు ఉన్నాయా? 8 పళ్ళ గేరు 24 పళ్ళ గేరును తిప్పితే వేగం మూడో వంతుకు తగ్గుతుంది, తిప్పే బలం దాదాపు మూడు రెట్లవుతుంది. మన గ్రైండరు రాయి మిక్సీ బ్లేడులా గిర్రున తిరగకుండా, నిదానంగా, బలంగా తిరగడానికి కారణం ఇదే సూత్రం. దీన్ని ఆడపిల్లకు గ్రైండరు దగ్గరే చెప్పవచ్చు. ఆమెకు తెలిసిన యంత్రం నుంచి మొదలుపెట్టడం వేరు, ఆమెను వంటింట్లోనే ఉంచడం వేరు. మూడు, అవే ముక్కలతో కనీసం నాలుగైదు వేర్వేరు యంత్రాలు కట్టవచ్చా? నాలుగు, ఫోను లేకుండా నడుస్తుందా? ఐదు, ఒక ముక్క పోతే దొరుకుతుందా, బ్యాటరీల ఖర్చు ఎవరు భరిస్తారు? కంపెనీలు ప్లగ్గుల నమూనా మారుస్తాయి. లెగోలోనే పాత ‘పవర్ ఫంక్షన్స్’ మోటారు తీగ, 2018 తర్వాత వచ్చిన ‘పవర్డ్ అప్’ హబ్‌కు నేరుగా అతకదు. పాత సెట్టు విరాళంగా వస్తే ఇది చూసుకోవాలి. విద్యుత్ బొమ్మలకు 2021 జనవరి నుంచి తప్పనిసరి అయిన ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో కూడా చూడండి.

డబ్బు లేని కేంద్రాలు నిరాశపడక్కర్లేదు. ఐ.ఐ.టి. కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా 1970లలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర కార్యక్రమంలో పాల్గొని, అగ్గిపుల్లలనూ సైకిలు వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి నిర్మాణ సెట్టు తయారుచేశారు. ఒక టార్చి సెల్లు, ఒక అయస్కాంతం, రెండు పిన్నీసులు, ఎనామిల్ పూసిన రాగి తీగతో మోటారు కూడా చెయ్యవచ్చని చూపించారు. తీగను పది చుట్లు చుట్టి రెండు చివరలూ బయటికి ఉంచాలి. ఒక చివర పూతను పూర్తిగా గీకాలి, రెండవ చివర ఒక పక్కనే గీకాలి. పిన్నీసుల కన్నాల్లో పెట్టి చిన్నగా కదిలిస్తే చుట్ట తిరుగుతుంది. అర చుట్టు కరెంటు అందుతుంది, అర చుట్టు తన వేగంతోనే తిరుగుతుంది. ఎక్కువసేపు కలిపి ఉంచితే తీగ వేడెక్కుతుంది కాబట్టి జాగ్రత్త చెప్పాలి. చిన్న అయస్కాంతాలు పసిపిల్లలు మింగకుండా చూడాలి. లక్షల సెట్టులో మూసి ఉన్న మోటారు లోపల ఏముందో ఈ చుట్ట విప్పి చూపిస్తుంది.

ఏ సెట్టు వాడినా ఒక నియమం పెట్టుకోండి. బృందంలో పనులు వంతుల ప్రకారం మారాలి. ఈ రోజు మోటారు పట్టుకున్న వాళ్ళు రేపు రాయాలి, రేపు రాసిన వాళ్ళు ఎల్లుండి సర్దాలి. అబ్బాయిలు కూడా ముక్కలు ఏరాలి. సర్దడం కూడా పనే, దాన్ని పంచుకోవడం కూడా విద్యే. కొన్నాళ్ళు ఆడపిల్లలకు విడిగా సమయం ఇవ్వండి. ఎవరూ నవ్వని చోట తప్పు కట్టి, విప్పి, మళ్ళీ కట్టే అవకాశం వాళ్ళకు అవసరం.

మీ ప్రాంతంలో ఏ బడికి ప్రయోగశాల వచ్చిందో కనుక్కోండి. గ్రామసభలోనూ, పాఠశాల యాజమాన్య కమిటీలోనూ అడగండి: ఎంతమంది ఆడపిల్లలు ఆ గదిలోకి వెళుతున్నారు, వెళ్ళాక వాళ్ళ చేతిలో ఏముంది? హాజరు పట్టీలో పేరుంటే సరిపోదు, చేతిలో పనిముట్టు ఉండాలి. వచ్చే సమావేశానికి ప్రతి కేంద్రం నుంచి ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు రాసి తీసుకురావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.